ఇంటికో హెడ్మాస్టరు

"పిల్లల చదువు బాధ్యత ఇకపై పూర్తిగా తల్లిదండ్రులదే!" అని విద్యాశాఖ మంత్రిగారు టీవీలో ప్రకటించారు. జబ్బు భయంతో బడులు మూసినా చదువు మాత్రం ఆగదట. పథకం పేరు 'ఇంటికో హెడ్మాస్టరు'. పైసా ఖర్చు లేకుండా, ఒక్క పోస్టూ భర్తీ చేయకుండా, రాత్రికి రాత్రి ఇంతమందిని హెడ్మాస్టర్లను చేసిన నాయకుడు చరిత్రలో ఇంకొకరు ఉంటే చూపించండి.

నేను దర్జీని. నాకు ప్రమోషన్ వచ్చిన సంగతి మా ఆవిడ చెప్పింది. ఆ వెంటనే నాలుగో క్లాసు చదివే మా పాప లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. భాగహారం.

"నాన్నా, పై అంకె కిందికి ఎప్పుడు దించాలి?"

గుడ్డ కొలవడం, కత్తిరించడం వచ్చు గానీ ఈ దించుడు వ్యవహారం నాకు తెలీదు. "మీ అమ్మనడుగు" అన్నాను. "మీ నాన్ననడుగు" అంది వాళ్లమ్మ. ఒకే ఇంట్లో ఇద్దరు హెడ్మాస్టర్లుంటే ఆ మాత్రం జాప్యం తప్పదు.

మరి ఖాళీగా ఉన్న మాస్టార్ల సంగతో? మంత్రిగారు దానికీ దారి చూశారు. మేం పాఠాలు సరిగ్గా చెబుతున్నామో లేదో తనిఖీ చేయడానికి వాళ్లను ఇన్‌స్పెక్టర్లుగా వేశారు. మా ఇంటికి పాప బడిలో లెక్కలు చెప్పే మాస్టారే వచ్చారు. ఆయన్ని చూడగానే పాప మొహం విప్పారింది. పుస్తకం పట్టుకుని ఎదురెళ్లింది.

"మాస్టారూ, ఇది ఎలా చెయ్యాలి?"

ఆయన చెయ్యి పెన్సిల్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"నేను చెప్పకూడదమ్మా. మీ నాన్నగారు చెబుతుంటే నేను చూడాలి."

"నాకు రాదు మాస్టారూ" అన్నాను.

"రాదని రాసుకుంటానండీ."

"మీరు చెప్పేస్తే నిమిషం పని కదా?"

"అమ్మో! మీ బాధ్యతలో జోక్యం చేసుకున్నట్టవుతుంది. మొన్న ఒకాయన నోరు జారి ఎక్కం చెప్పేశాడు. మెమో ఇచ్చారు."

పాప పుస్తకం మూసేసింది. లెక్కల్లో అందరికన్నా ముందుండే పిల్ల. ఉన్న చదువు కూడా మర్చిపోతానేమోనని రోజూ బెంగపడుతోంది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రిపోర్టులు పైకి వెళ్లాయి. తల్లిదండ్రుల్లో సగానికి సగం మందికి భాగహారం రాదని తేలింది. ఇంకొకరైతే కంగారుపడేవారే. మంత్రిగారు మాత్రం 'హెడ్మాస్టర్ల శిక్షణ శిబిరం' ప్రకటించారు. బడులెలాగూ ఖాళీయే కాబట్టి శిబిరం అక్కడే, రోజూ హాజరు తప్పనిసరి. జబ్బు శిక్షణ జోలికి రాదని నిపుణుల కమిటీ తేల్చేసింది. పిల్లలకు మాత్రం ప్రవేశం లేదు. వాళ్ల ఆరోగ్యమంటే మంత్రిగారికి ప్రాణం.

రిబ్బను కత్తిరించడానికి ఆయనే స్వయంగా మా బడికి వచ్చారు. నేను పాప కూర్చునే బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాను. బోర్డు దగ్గర అదే లెక్కల మాస్టారు. చాక్‌పీసు చేతికి రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎంత చక్కగా చెప్పారంటే, పై అంకె ఎప్పుడు దించాలో నాబోటి మొద్దుకి కూడా అర్థమైపోయింది. సంతోషం పట్టలేక కిటికీ వైపు తిరిగాను. ఊచలకి అవతల మా పాప, దాని పక్కన వీధిలో పిల్లలందరూ, మునివేళ్ల మీద నిలబడి బోర్డు చూసి రాసుకుంటున్నారు.

మంత్రిగారు కూడా అటు చూశారు. "వాచ్‌మన్!" అని కేకేశారు.

వాచ్‌మన్ కర్ర ఆడిస్తూ పరిగెత్తాడు.

"పొండి, పొండి! లోపల బడి జరుగుతుంటే పిల్లలకిక్కడేం పని?"