లోపలి డబ్బా

ఆ ఉదయం చెల్లెలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రెండు వ్యాన్లు ఒకేసారి కదలాలి. అక్క సామాను వంతెన అవతలికి, తన సామాను గుట్ట మీదికి. ఒకరు వెళ్తుంటే మరొకరు గుమ్మంలో నిలబడి చూడవలసిన పని ఉండకూడదు. ముప్ఫై ఏళ్లు ఒకే కప్పు కింద బతికినవాళ్లు, కిటికీ తెరవాలా మూయాలా అన్న తగువు మీద వేరు పడుతున్నారు.

సామాను చేరవేసే కంపెనీలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది చెల్లెలే. వ్యాను వివరాల్లో ప్రయాణం, ప్రయాణంలో గమ్యం, గమ్యంలో చిరునామా. డబ్బాలో డబ్బా. అక్క వ్యానుకు రాసినదానికే నకలు తీసి, బండి నంబరు మార్చి, అట్టడుగు డబ్బాలో గుట్ట మీది చిరునామా పెట్టింది. వ్యాన్లు రెండూ పొగమంచులోకి పడవల్లా తేలిపోయాయి.

గుట్ట మీది ఖాళీ గదిలో కూర్చున్నాక ఫోను మోగింది.

"ఏమే, నా మంచం ఏదీ?" అక్క గొంతు.

కిందికి తొంగి చూస్తే వ్యాన్లు రెండూ తన గుమ్మం ముందే ఉన్నాయి.

"ఫోన్లో ఇదే అడ్రస్ చూపిస్తోందండీ," అన్నాడు అక్క వ్యాను డ్రైవరు.

గబగబా అక్క చిరునామా సరిదిద్దింది. అక్క వ్యాను కదిలింది. దాని వెనకే తన వ్యానూ కదిలింది.

"నువ్వెక్కడికి బాబూ?"

"అడ్రస్ మార్చింది మీరేగా!"

తనది సరిదిద్దితే వంతెన మీద రెండూ వెనక్కి తిరిగాయి. అక్కది దిద్దితే మళ్లీ ముందుకు. మంచులో బీరువాలు, బల్లలు ఎవరి కలలోనో దారి తప్పినట్టు తిరిగాయి.

"మన సోఫా మా వీధి చివర కనబడిందే," అంది అక్క. "చెయ్యి ఊపేలోపే వెళ్లిపోయింది."

అప్పుడు తట్టింది చెల్లెలికి. నకలు తీసింది పై డబ్బాకే. లోపలి డబ్బా ఇద్దరికీ ఒక్కటే. ఎవరి పేరుతో తెరిచి మార్చినా రెండో వాళ్లకీ మారుతుంది. ప్రతి పొరకీ కొత్త డబ్బా కడితే సరిపోతుంది. మీట మీద వేలు పెట్టింది. ఫోను మోగింది.

"డ్రైవర్లు ఇక కదిలేది లేదని మొండికేశారు. రెండు బళ్ల సామానూ ఇక్కడే దించేశారు. నీ మంచం నా మంచం పక్కన సరిగ్గా పట్టింది."

"తప్పు నాదే అక్కా. ఇప్పుడే సరిచేసి నా సామాను తెప్పించుకుంటా."

అవతల అక్క ఏదో మూట విప్పుతున్న చప్పుడు.

"నిదానంగా చెయ్యవే. తొందరపడితే ఇలాగే తగలడుతుంది. ముందు వచ్చి, ఈ మూటల్లో దుప్పట్లు ఎక్కడున్నాయో చెప్పి చావు."

చెల్లెలు కంప్యూటరు మూసి, చెప్పులు వేసుకుంది.

ఆ తప్పు దిద్దడం రెండు నిమిషాల పని. తొమ్మిదేళ్లయింది, ఆమెకింకా తీరిక చిక్కలేదు.