కేబుళ్లకు కాళ్ల తాడు

ఈ ఏడాదిని కేబుల్ క్రమశిక్షణ సంవత్సరంగా ఉపమంత్రి సతార్‌కుల్ గారు ప్రకటించారు. అంతటి దూరదృష్టి మా కిర్గిజ్ కొండల్లో గద్దలకు మాత్రమే ఉంది.

నేను డేటా సెంటర్ కాపలావాణ్ణి. లోపలి గదిలో వైర్లు పదిహేనేళ్లుగా పేరుకున్నాయి. జిల్లా ఆసుపత్రి నడిచేది వాటి మీదే. ఏది ఎక్కడికి పోతుందో టెక్నీషియన్ బర్చనాయ్‌కి ఒక్కదానికే తెలుసు.

ఉపమంత్రిగారు తొంగిచూశారు.

"ఇదేంటమ్మా, గొర్రె బొచ్చు ఆరేశావా? ఎల్లుండి ఇక్కడే క్రమశిక్షణ సంవత్సరం ప్రారంభోత్సవం. ఇదంతా పీకెయ్."

"ఒక్కో వైరూ వెతికి, చీటీ కట్టి మార్చాలి సార్. నెల పడుతుంది. ఊరికే పీకితే అక్కడ ఆపరేషన్ బల్ల మీదున్నవాళ్లు..."

"రెండ్రోజులు. లేదంటే నిన్ను పీకుతా."

ఆయన వెళ్లాక బర్చనాయ్ నావైపు తిరిగింది.

"తాతా, మీ ఇంట్లో పెద్ద ఉన్ని తివాచీ ఉంది కదా?"

"ఉంది."

"కొత్త సంవత్సరం చెట్టుకి కట్టే దీపాలు?"

"ఉన్నాయి."

తివాచీని లోపలి గది గుమ్మానికి వేలాడదీశాం. ముందు గదిలో సర్వర్లు పెట్టే ఖాళీ ర్యాక్ నిలబెట్టి, బర్చనాయ్ దానికి పెళ్లికూతురి జడలా కేబుళ్లు అల్లింది. ఒక్కటీ దేనికీ తగిలించలేదు. వెనక నా దీపాలు మిణుకుమన్నాయి.

ప్రారంభోత్సవం రోజు ఆ ర్యాక్‌ను చూసి ఉపమంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

"బిడ్డ తొలి అడుగులు వేస్తోంది! కాళ్ల తాడు కోద్దాం!"

మా ఆచారంలో, నడక వచ్చిన బిడ్డ కాళ్లకు నలుపూ తెలుపూ తాడు కట్టి, పరుగుపందెం పెడతాం. గెలిచినవాడు కోస్తాడు. బిడ్డ వాడిలా పరిగెడుతుందని నమ్మకం. ర్యాక్ కాళ్లకు తాడు కట్టారు. పందెంలో ఉపమంత్రిగారే గెలిచారు. ఆయన పాతికేళ్ల డ్రైవరు మోకాలు పట్టుకుని దారిలోనే కూర్చుండిపోయాడు.

ఆ ఊపులో ఆయన తాడుతోపాటు కేబుళ్ల జడ కూడా టక్కున కోసేశారు.

దీపాలు మాత్రం మిణుకుమంటూనే ఉన్నాయి.

"చూశారా! నేను సర్దిస్తే కోసినా పనిచేస్తుంది!"

చప్పట్లు మోగాయి. ఆయన అక్కడికక్కడే, దేశంలో ఫోన్లన్నీ నడిపే రాజధానిలోని పెద్ద సెంటర్‌కు ఫోన్ కలిపారు.

"మీరూ కోసెయ్యండి. అవునయ్యా, అన్నీ! ఏం కాదు, నా కళ్లారా చూశా. ఏంటీ, కోస్తున్నారా? శభాష్... హలో?"

రాజధానివాళ్లు చెప్పిన మాట వింటారు.

బర్చనాయ్ తివాచీ వెనక్కి వెళ్లి ఆసుపత్రి లైను చూసి వచ్చింది. నడుస్తోందన్నట్టు తలూపింది.

"హలో? హలో?" ఉపమంత్రిగారు ఫోన్‌ను రెండుసార్లు అరచేతికి కొట్టి, నాకు చూపించారు. "పెద్దాయనా, మీ ఊళ్లో సిగ్నల్ రాదా?"

"ఇందాకటిదాకా వచ్చిందండీ" అన్నాను.