కాలవలో రెండు తలకాయలు

"ఆశీర్వాదం గారూ! ఈ గోదావరి జిల్లా మొత్తానికి పనిచేసే బుర్ర ఒక్కటే ఉందండి. అదిప్పుడు మీ ఎదురుగా కూర్చుని చద్దన్నం తింటోంది."

ఈ మాట అన్నది మా స్కూలు డ్రాయింగు మాస్టారు తాతాజీ. విన్నది లెక్కల మాస్టారునైన నేను. మాది తణుకు పక్కన, కాలవ గట్టు మీది మిషన్ హైస్కూలు. ఇది 1898 నాటి సంగతి. స్టీమరు సరంగు దగ్గర ఓ చిరిగిన ఇంగ్లీషు డిటెక్టివ్ నవల సంపాదించినప్పటి నుంచి తాతాజీకి బొమ్మల మీద మనసు విరిగిపోయింది. ఆ నవలకి చివరి పది పేజీలు లేవు. కాబట్టి దొంగని ఎలా పట్టుకుంటారో ఆయనకి తెలియదు. ఆ మాట చస్తే ఒప్పుకోడు.

ఇంతకీ పోయింది బంతి. మద్రాసు నుంచి పడవలో వచ్చిన తోలు ఫుట్‌బాలు, స్కూలు మొత్తానికి ఒక్కటే. సోమవారం చూస్తే ఆటల గది తాళం వేసినట్టే ఉంది, లోపల బంతి లేదు. డ్రిల్లు మాస్టారు లాజరు అందరి ఎదుటా లబోదిబోమన్నాడు. హెడ్మాస్టరు ఏసుపాదం గారికి మొదటి నుంచీ ఆటలంటే గిట్టదు.

"ఒక్క బంతిని కాపాడుకోలేని వాళ్ళకి ఆటల క్లబ్బెందుకయ్యా? శనివారంలోగా దొరక్కపోతే క్లబ్బు మూసేస్తాను. ఆ గంటలో జామెట్రీ చెప్పిస్తాను!" అనేశారు.

జామెట్రీ చెప్పేది నేనే. అయినా లాజరుని చూస్తే జాలేసింది.

"బంతి రాకముందు కామందుల పిల్లలు ముందు బెంచీ, పాలేళ్ళ పిల్లలు వెనక మూలానండి," అన్నాడు కళ్ళొత్తుకుంటూ. "ఇప్పుడు కామందుగారబ్బాయి 'ఒరే ఏసురాజూ, ఇటు తన్నరా' అని అరుస్తున్నాడండి. వీడి పేరు వాడు నేర్చుకుంది ఆ గంటలోనే. జామెట్రీలో నేర్చుకుంటారాండి?"

"నేర్చుకోరు," అన్నాను నిజాయితీగా.

"కంగారు పడకండి లాజరు గారూ, కేసు నేను చేపట్టాను," అన్నాడు తాతాజీ. దాంతో మా అసలు కంగారు మొదలైంది.

తాతాజీ బోర్లా పడుకుని, గది నేలంతా వృత్తలేఖినితో కొలిచాడు. గడప దగ్గర రెండు నూనె చుక్కలు కనిపించాయి.

"నువ్వుల నూనె! చూశారాండీ? పట్టుకుంటే జారిపోవడానికి ఒళ్ళంతా పూసుకొచ్చారు. కోరుకొండ తీర్థానికి దిగే గజదొంగల ముఠా ఇది!"

"తాళం పగలలేదు కదండీ? తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలలోనే ఉంటుంది కూడాను."

"అదే వాళ్ళ ప్రతిభ. పాపం, ఆయనకి తెలియకుండా తీసి, తెలియకుండా పెట్టేశారు!"

మంగళవారం కూరగాయల సూరమ్మ నెత్తిన బుట్ట, బుట్ట మీద గుడ్డ, గుడ్డ కింద గుండ్రటి వస్తువు! తాతాజీ అడ్డం పడి, వృత్తలేఖినితో కసుక్కున పొడిచాడు.

"ఓరి మీ డిటెట్టీవు పాడుగానూ! వడియాలకి మోసుకెళ్తున్న బూడిద గుమ్మడికాయండీ అది!" అంటూ సూరమ్మ ఆయన వంశాన్ని ఏడు తరాల వెనక నుంచీ తిట్టడం మొదలెట్టింది. ఆ చిల్లు గుమ్మడికాయని మేమే పుచ్చుకోవలసి వచ్చింది.

అదీ ఒకందుకు మంచిదేనన్నాడు తాతాజీ. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అన్నారాండీ? రేపు మాస్టర్ల మీటింగులో 'దొంగెవరో నాకు తెలిసిపోయింది' అని గట్టిగా అంటాను. ఎవరు తడుముకుంటారో చూడండి!"

మర్నాడు అన్నాడు. నేను చూశాను. హెడ్మాస్టరు గారు రెండు భుజాలూ పిసుక్కుంటూ 'అబ్బా' అంటున్నారు.

"తాతాజీ గారూ, అటు చూడండి," అని గొణిగాను.

"పాపం, పెద్దాయనకి వాతమండీ. నూనె వాసన రావట్లేదూ? ఆయన్ని వదిలేసి దొంగని చూడండి."

సరిగ్గా అప్పుడే నా భుజం మీద దోమ కుట్టింది. గోక్కున్నాను. అంతే, రెండు రోజులు నా వెనకాలే తిరిగాడు. నేను లేనప్పుడు ఇంటికెళ్ళి, అటక మీద ఏం దాచామని మా ఆవిడ సంపూర్ణమ్మని నిలదీశాడట. ఆవిడ రోకలి చూపించిందట.

శనివారం తెల్లవారుతూనే వచ్చి నన్ను లేపాడు. "ఆఖరి రోజండీ. బంతిని పడవెక్కించేస్తారు, రేవుకి పదండి. దొంగ మీరే అయినా అక్కడ పట్టుకోవడం సులువు."

రేవులో పల్చగా మంచు. తాతాజీ ఆఖరి మెట్టు మీద నిలబడి, కాలవలోకి చూసి కొయ్యబారిపోయాడు.

"తలకాయలు! రెండు తలకాయలు తేలుతున్నాయండీ! జంట హత్య!"

నిజంగానే రెండు గుండ్రటివి తేలుతున్నాయి. వాటిలో ఒకటి తుమ్మింది. తాతాజీ కెవ్వుమని, పాచి మెట్టు మీద జారి, దబ్బున కాలవలో పడ్డాడు. ఈత రాదు. గుడ్లు తేలేసి, చేతికందిన తలకాయని కావలించుకున్నాడు.

"వదలండయ్యా! అది వదిలితే నేను మునిగిపోతాను!" అంది రెండో తలకాయ. అది హెడ్మాస్టరు గారి గొంతు. తాతాజీ కౌగిట్లో ఉన్నది మా ఫుట్‌బాలు.

నా పైపంచె విసిరి ఇద్దర్నీ గట్టుకి లాగేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.

"సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకుంటే పిల్లలు నవ్వుతారని బంతి తీశానండి," అన్నారు హెడ్మాస్టరు గారు, నూనె కారుతున్న ఒంటితో వణుకుతూ. "పోయిన నెల రాజమండ్రి వెళ్తుంటే నడి గోదాట్లో పడవ ఊగింది. పిల్లలందరి ఎదుటా సరంగు మెడ పట్టుకుని ఏడ్చానయ్యా. బి.ఏ. చదివాను. మునిగితే ఏం చెయ్యాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. బంతి తిరిగి పెట్టేద్దామనుకునేలోగా లాజరు గోల పెట్టాడు. కోపంలో నోరు జారాను. ఇంక ఏ మొహంతో చెప్పను?"

కానీ చెప్పారు. ఆ సాయంత్రం పిల్లలందర్నీ నిలబెట్టి, "బంతి నేనే తీశాను, తప్పు నాది. క్లబ్బు ఉంటుంది. సోమవారం నుంచి ఈత క్లబ్బు కూడా," అన్నారు. లాజరు బంతిని గుండెకి హత్తుకుని బావురుమన్నాడు.

ఈత నేర్పే గురువు ఎవరంటే, పిల్లలంతా వెనక మూలకి చూశారు. కాలవలో పుట్టి పెరిగిన పాలేరు కొడుకు ఏసురాజు లేచి నిలబడ్డాడు.

సోమవారం హెడ్మాస్టరు గారు పీకల్లోతు నీళ్ళలో ఉన్నారు. "కాళ్ళు తన్నండి సార్, కాళ్ళు!" అని గదమాయిస్తున్నాడు ఏసురాజు. అవతలి గట్టు నుంచి కామందుగారబ్బాయి చప్పట్లు కొడుతూ అరిచాడు.

"ఒరే ఏసురాజూ, సారుని ఇటు తొయ్యరా!"

లాజరు పడీ పడీ నవ్వుతున్నాడు. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. తాతాజీ మాత్రం నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంతా బాగానే ఉందండీ. ఇంతకీ ఆ రోజు మీటింగులో మీరు భుజం ఎందుకు తడుముకున్నట్టు?"