పత్మాసుకు దారి

ఆ బుధవారం లిదియమ్మ పెట్టుకున్న పనులు రెండే. పొద్దున ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరులో దిగి, భర్త వరదయ్య కళ్లజోడుకు కొత్త ఫ్రేము వేయించాలి. అలాగే శీనమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కనుక్కోవాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరి పప్పుచారు కాచుకోవచ్చనుకుంది. కళ్లజోడు పని అనుకున్నట్టే అయిపోయింది. జవాబు మాత్రం ఆమెను తీసుకెళ్లి ఊరంతటి ముందు నిలబెట్టింది.

లిదియమ్మ బడిలో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ఆడవాళ్లకు వాక్యపాఠం చెబుతుంది. అంతకుముందు వారం యేసు శిష్యుడైన యోహాను భక్తుడి సంగతి వచ్చింది. రాజు ఆయన్ను పత్మాసు ద్వీపానికి వెళ్లగొట్టాడనీ, ఆయన అక్కడే దర్శనాలు చూశాడనీ చెబుతుంటే ముందు వరసలోంచి శీనమ్మ చెయ్యెత్తింది. శీనమ్మ వయసులో పెద్దది. పొలం పనులకు పోయే మనిషి, మనసులో మాట దాచుకోదు.

"ఆ దీవి ఇప్పుడు కూడా ఉండాదా, టీచరమ్మా?"

"ఉండాదక్కా. గ్రీసు దేశంలో."

"అట్టయితే ఈడినుంచి ఎట్ట పోవాల? ఏ బస్సెక్కాల?"

అందరూ నవ్వారు. లిదియమ్మకు నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు మ్యాపు మీద బెత్తంతో గ్రీసును చూపించింది. అక్కడికి మనుషులు నిజంగా పోయి రావచ్చన్న ఆలోచన ఆమెకు ఒక్కనాడూ రాలేదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమె ఒంటికి పడదు. "కనుక్కొని చెప్తా" అంది.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా పెంచలప్రసాద్ ట్రావెల్స్ ఉంది. కువైట్ పోయేవాళ్లకు టిక్కెట్లు, తిరుపతి పోయేవాళ్లకు కార్లు అతని వ్యాపారం. పత్మాసు అనగానే అతను కాసేపు తల గోక్కున్నాడు.

"ఆ ఊరికి గిరాకీ ఎప్పుడూ రాలేదు మేడం. ఉండండి, చూస్తా" అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కాసేపటికి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంకాసేపటికి తెర మొత్తం ఆమె వైపు తిప్పేశాడు. అందులో ఒక ఓడ రేవుకు వస్తోంది. దాని వెనుక గోడ మెల్లగా కిందికి వాలి నేలకు ఆనింది. ఆ గోడ మీదుగా లారీలు వరసగా దాని కడుపులోకి వెళ్లిపోతున్నాయి. వెనకాల సముద్రం ఎంత నీలంగా ఉందంటే, ఆ నీలానికి తన దగ్గర మాట లేదని లిదియమ్మకు అనిపించింది. కువైట్ టిక్కెట్టు కోసం వచ్చి నిలబడ్డ ఇద్దరు కూడా తమ పని మరిచిపోయి వంగి చూశారు. తర్వాత పెంచలప్రసాద్ దారంతా చదివి చెప్పి, దీవిలోని కొండనూ గుహనూ కూడా చూపించాడు.

తిరుగు బస్సుకు కండక్టరు పాల్. అదే చర్చిలో సంఘపెద్ద కూడా.

"ట్రావెల్స్ కాడ అంతసేపు ఉంటిరే టీచరమ్మా, యాడికి?" అన్నాడు టిక్కెట్టు కొడుతూ.

"పత్మాసుకు ఎట్ట పోవాలో కనుక్కునేదానికి పోయినా పాలూ" అంది లిదియమ్మ. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాని ట్రావెల్స్ వాళ్ల దగ్గర దారి కనుక్కునేది ప్రయాణం పెట్టుకున్నవాళ్లే అని పాల్ లెక్క. అతని బస్సుకు ఉదయగిరి దాకా ఎన్ని స్టాపులున్నాయో అన్ని స్టాపుల్లో ఆ సంగతి దిగింది.

ఉదయగిరి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా దూరం పోతున్నారంటే ముందుగా సంఘమంతా కలిసి వాళ్ల ప్రయాణం కోసం ప్రార్థన చేస్తుంది. ఆ ఆదివారం పాస్టరుగారు మామూలు ప్రార్థన చేస్తూ చేస్తూ ఒక్కసారిగా స్వరం పెంచారు.

"తండ్రీ, మా సహోదరి లిదియమ్మగారు యోహాను భక్తుడు నడిచిన ద్వీపమునకు ప్రయాణమగుచున్నారు. ఆకాశమందును సముద్రమందును వారిని కాపాడుము."

లిదియమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఎదురుగా అన్నీ మూసిన కళ్లే. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు. కళ్లు తెరిచిన పిల్లల చెవులు మెలిపెట్టింది తనే. పూర్తవగానే లేచి విషయం చెప్పాలనుకుని బిగబట్టుకుని కూర్చుంది. పాస్టరుగారు ఆమెను విమానం ఎక్కించారు, ఓడ ఎక్కించారు, తుఫానులు తప్పించారు, క్షేమంగా ఇంటికి చేర్చారు. ప్రార్థన ముగిసింది. పుట్టినప్పటి నుంచి పడ్డ అలవాటు ఎక్కడికి పోతుంది? చర్చిలో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది లిదియమ్మే.

"చెప్పేయ్ లిదియా" అన్నాడు వరదయ్య ఇంటికి రాగానే. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. సోమశిల జలాశయంలో ఒకసారి పడవెక్కి, కళ్లు తిరిగి, ఒడ్డు చేరేదాకా చెక్కను వదల్లేదు. "నిజం చెప్పేదానికి భయమేంది? నేను పోవడంలేదని చెప్తే అయిపోతాది."

"ఆమెన్ అన్నా కదండీ" అంది లిదియమ్మ. ఆ మాటకు అలాగే జరుగుగాక అని అర్థమనీ, ఉత్తపుణ్యానికి అనకూడదనీ ఊళ్లో సగం మందికి నేర్పింది ఆమే. ఇప్పుడు పోను అంటే ఆ మాటకూ విలువ ఉండదు, ఆమెకూ ఉండదు. పోతానంటే అబద్ధం.

ఆమె ఆలోచిస్తూ ఉండగానే మిగతావాళ్లు పనులు కానిచ్చారు. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు వచ్చి వంటింట్లో కూర్చున్నాయి. ఒకామె దీవిలోంచి చిన్న రాయి తెమ్మంది. ఇంకొకామె తన మోకాళ్ల నొప్పి గురించి అక్కడ ప్రార్థన చేసి రమ్మంది. సీతారామపురం సంఘంవాళ్లు కూడా సాగనంపడానికి వస్తామని కబురు పెట్టారు. సంగతి మాజీ సర్పంచి రామనారాయణ దాకా పోయింది. ఆయన లిదియమ్మ దగ్గర చదువుకున్నవాడు, పైగా ఊళ్లో ఏ మంచి జరిగినా అందులో తన ఫొటో ఉండాలన్న పట్టుదల కలవాడు. బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. అందులో ఒక మూల లిదియమ్మ, మధ్యలో నిలువెత్తు రామనారాయణ, వెనకాల ఓడ. ఫ్లెక్సీ వేసినవాడికి మామూలు ఓడ దొరకలేదు కాబోలు, అది ఫిరంగులున్న యుద్ధనౌక.

"చెన్నై దాకా నా కారు పంపిస్తా టీచర్" అన్నాడు ఆయన ఇంటికొచ్చి. "మీ టీచరు యుద్ధానికి పోతా ఉండాదా అని అడగతా ఉండారు జనం."

చర్చి పక్క వీధిలో పెళ్లికి వేసిన షామియానా విప్పలేదు కాబట్టి, అది ఉండగానే వీడ్కోలు సభ పెట్టేశారు. లిదియమ్మకు శాలువలు కప్పారు. పూలదండల్లో ముఖం సగమే కనబడుతోంది. పాల్ మాట్లాడాడు, పాస్టరుగారు మాట్లాడారు, రామనారాయణ అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. ఈ రోజుతో తన పరువు పోతుందని ఆమెకు తెలుసు. అయినా పచ్చళ్లు పెట్టినవాళ్ల ముఖాల్లోకి చూస్తూ అబద్ధం ఆడడం ఆమె వల్ల కాలేదు. మైకు పట్టుకుంది. వెనక వరసలోంచి వరదయ్య ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాడు.

"నేను పత్మాసుకు పోవడంలేదు" అంది. "శీనమ్మక్క దారి అడిగింది. కనుక్కునేదానికి ఆత్మకూరు పోయినా. అంతే. ముందే చెప్పకపోవడం నా తప్పు."

రామనారాయణ బస్టాండులో ఫ్లెక్సీ ఉన్న దిక్కుకు చూశాడు. పాల్ నేల వైపు చూశాడు. అప్పుడు ముందు వరసలోంచి శీనమ్మ గొంతు వినబడింది.

"సరే, అదట్ట ఉండనీ. నేనడిగిన దారి తెలిసిందా లేదా? అది చెప్పు."

లిదియమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దండలు తీసి పక్కన పెట్టింది.

"చెన్నైలో విమానం ఎక్కాలక్కా. దావలో ఎడారి దేశంలో దిగి ఇంకోటి ఎక్కాల. ఏథెన్సులో దిగినాక రేవుకు పోవాల. ఆడ ఓడ ఉంటాది. దాని వెనక గోడ కిందికి వాలితే, దాని మీదినుంచి లారీలు లోపలికి పోతాయి."

"లోడు లారీలా?" అన్నాడు రామనారాయణ, కుర్చీ ముందుకు జరుపుకుని.

"లోడు లారీలే. అవి కింద, మనుషులు పైన. అయినా నీళ్ల మీద తేలతా పోతాది. చుట్టూరా నీళ్లు తప్ప ఏమీ కనబడవు. మధ్యలో ఒక దీవి వస్తాది, మన కావలి బస్సు కలిగిరిలో ఆగినట్టు ఆగతాది. దిగేవాళ్లు దిగతారు, ఎక్కేవాళ్లు ఎక్కతారు, మళ్లా కదలతాది. పొద్దు గూకినా పోతానే ఉంటాది. పత్మాసులో విమానం దిగేదానికి చోటు లేదు. ఎంత గొప్పోళ్లయినా కడాకు నీళ్ల మీదనే పోవాల. దిగినాక కొండ. మన ఉదయగిరి దుర్గం మాదిరే నెత్తిన రాతిగోడలు. నడికొండలో గుహ. యోహాను భక్తుడు ఉండిన చోటు అదేనంటారు."

పిల్లలు కూడా కదలలేదు. సముద్రం ముఖం చూడని సీతారామపురం ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్నారు. చెబుతున్న లిదియమ్మకే ఒళ్లు జలదరించింది.

"అంటే ఆయన చూసిన నీళ్లే, ఇప్పుడు పోయినోళ్లూ చూడొచ్చు" అంది శీనమ్మ మెల్లగా.

"చూడొచ్చక్కా."

"మరి నువ్వెందుకు పోవు?"

లిదియమ్మ నోరు తెరిచింది. వయసు అందామనుకుంది. మేడ మీద గది కట్టుకోవాలని దాచిన డబ్బు గుర్తొచ్చింది. ఆ గదిలో ఉండడానికి ఎవరూ లేరన్నదీ గుర్తొచ్చింది. ఆత్మకూరులో ఆ తెర చూసినప్పటి నుంచి తనకు వేరే ఆలోచనే లేదని, వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోతోందని, ఆ క్షణాన తనకు తానే ఒప్పుకుంది. చెప్పడానికి సాకు ఒక్కటీ మిగల్లేదు.

"పోతా" అంది మైకులో. వెనక వరసలో వరదయ్య తల ఊపడం ఆపేశాడు. "మేమిద్దరం పోతాం."

చప్పట్లకు షామియానా అదిరింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పాస్‌పోర్టు ఫొటోలకు స్టూడియోకు వెళ్లారు. నవ్వకూడదని ఫొటోగ్రాఫరు లిదియమ్మకు పదేపదే చెప్పాల్సి వచ్చింది. వరదయ్యకు చెప్పే అవసరమే రాలేదు.