బుగడీ సీల మీద గౌస్ బాషా దండయాత్ర

మిరపఘాటు మలయమారుతమై వీచే గుంటూరు మహానగరాన, ఆటోల హారన్లే రణభేరులై మోగే బ్రాడీపేట వీధుల్లో, ప్రచండ మార్తాండుడు నడినెత్తికెక్కిన వేళ, ఒకానొక స్కానింగ్ సెంటరులో చెలరేగిన ఘోరసంగ్రామాన్ని ఆలకించండి!

వీరుడెవరు? కాయను వేళ్ళతో నలిపి దాని ఘాటెంతో చెప్పగల మిర్చియార్డు సింహం, ధీరోదాత్తుడు గౌస్ బాషా. శత్రువెవరు? ఆయన అర్ధాంగి జోహరాబీ కుడిచెవి అంచున పెళ్ళినాటి నుంచీ పాతుకుపోయిన బంగారు బుగడీ, దాని వెనక కాపలా కాస్తున్న ఆవగింజంత సీల.

కారణం సామాన్యమా? ఆ చెవి లోపల, గుర్రపు రికాబు ఆకారంలో, బియ్యపుగింజకన్నా చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయి ఆమెకు వినికిడి తగ్గింది. తెల్లవారితే ఆపరేషన్.

శ్రీకృష్ణ డాక్టరు గారు ముందే తేల్చి చెప్పారు. "చెవి రంధ్రం ఎంత వెడల్పుందో, ఎక్కడ వంగిందో స్కాన్‌లో చూడాలి. దారి బాగుంటే అందులోంచే వెళ్ళిపోతా. ఇరుకైతే మాత్రం చెవి వెనక జుట్టు గొరిగి, కోసి వెళ్ళాలి."

కోతకు జోహరాబీ జంకలేదు. నడుము దాటిన ఆ జడలో ఒక్క పాయ పోతుందంటేనే అన్నం మానేసింది.

స్కాన్ తీసే బిందుమాధవి శాసనం చేసింది. "బుగడీ తియ్యాలమ్మా. లోహం ఉంటే బొమ్మ నిండా చారలే!"

"చారా? పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదమ్మా!"

"చారలు! చారలు! డాక్టరు గారికి దారి కనపడదు!"

అంతట యార్డు నుంచి తిన్నగా వచ్చిన గౌస్ బాషా, కొబ్బరినూనెలో వేళ్ళు ముంచి, సీలను పట్టి సింహనాదం చేశాడు. "ఓరి సీలాధమా! బస్తాలకు బస్తాలు భుజాన మోసినవాణ్ణిరా! కదలవా? నా భార్య కేశసంపదకే ఎసరు పెడతావా?"

సీల కదల్లేదు. మల్లయోధులు తలపడినట్టు, మదగజాలు ఢీకొన్నట్టు, అతడు తిప్పాడు, లాగాడు, పళ్ళు కొరికాడు. నుదుట చెమట కారింది. నూనె చెవంతా పాకింది.

నూనెతోపాటు పొద్దున నలిపిన తేజ రకం మిరపకాయల ఘాటూ పాకింది.

"అమ్మో! మంట! మంటండీ! చేతులు కడుక్కున్నారా అసలు?"

"కడుక్కున్నా!"

"సబ్బుతోనా?"

వీరుడు సీలను మరింత గట్టిగా పట్టాడు.

జోహరాబీ తోక తొక్కిన త్రాచులా తల విదిలించింది. సీల అతని చేతిలో, బుగడీ ఆమె ఒళ్ళో!

"ఊడింది!" అని బిందుమాధవి కేక వేసింది.

గంట తర్వాత డాక్టరు గారు తెరమీద బొమ్మను కిందికీ మీదికీ జరిపి చూశారు. ఒక్క చార లేదు. "దారి తిన్నగా, వెడల్పుగా ఉంది. రంధ్రంలోంచే పోదాం."

"ఏమంటున్నారండీ? గొరుగుతారంటనా?"

గౌస్ బాషా ఆమె చెవి దగ్గరకు వంగి, బయటి వరండా దద్దరిల్లేలా ప్రకటించాడు. "గొరగరు! జుట్టు నీదే!"

"అట్టా అరుస్తారేందండీ, అందరూ చూస్తున్నారు!" అంటూనే ఆమె జడ ముందుకు వేసుకుని నిమురుకుంది. చెవి మాత్రం మిరపపండులా ఎర్రగా మండుతూనే ఉంది.

అక్షౌహిణులు కూలిన యుద్ధాలు ఎన్నో విన్నాం. ఒక్క వెంట్రుక కూడా రాలని మహావిజయం మాత్రం, బ్రాడీపేట సాక్షిగా, ఇదొక్కటే!