శాలువాపహరణం

స్వస్తిశ్రీ! శీతల పవనోద్ధూతమైన దక్షిణార్ధగోళంలో, విమానఘోషకు నిత్యం దద్దరిల్లే పాపటోయిటోయి పురవరంలో, తెలుగు సంఘపు వార్షికోత్సవ సాయంసంధ్యవేళ, సన్మానం ఇక మొదలనగా, జరీశాలువా మాయమైంది!

అది సామాన్య వస్త్రమా? సంఘానికి ఉన్నది అదొక్కటే. ఏటా ఒక మహనీయుడి భుజస్కంధాలపై ధగధగలాడి, ఫోటో కాగానే తెరవెనుక మర్యాదగా మడతపడి, మళ్లీ ఏడాది వరకు అధ్యక్షులవారి కారు డిక్కీలో యోగనిద్ర పోయే చిరంజీవి.

ఈ ఏటి సన్మానితుడు గాస్పరే బెల్లోనీ! చెంపదెబ్బల చక్రవర్తి, అరటితొక్క విక్రమార్కుడు! ఇటలీ హాస్యచిత్రాల్లో నలభై ఏళ్లపాటు సర్వరై నాయకుడి ఒడిలో సూపు ఒలకబోసి, మతగురువై బావిలో పడి, అమాయక భర్తయై బీరువా తలుపు తీసి నోరు వెళ్లబెట్టి జనాన్ని నవ్వించాడు. బహుమతులు మాత్రం ఏడిపించిన వాళ్లకు వెళ్లాయి. చివరికి కూతురి వెంట ఇక్కడికి చేరి, పక్కింటి కొమురమ్మ కంచె మీదుగా నేర్పిన తెలుగుతో సంఘం వేసే ప్రతి నాటికలోనూ జారిపడుతున్నాడు. జీవితంలో అతనికిదే తొలి సన్మానం.

"ద్వారాలు బంధించండి!" అని సింహనాదం చేశాడు అధ్యక్షుడు జనార్ధనరావు.

"ఫైర్ రూల్స్ ఒప్పుకోవు అంకుల్," అంది కార్యదర్శి హారిక. "డిక్కీలో జంపర్ కేబుల్స్ తప్ప ఏం లేవు. పోనీ, టవల్ కప్పేద్దామా?"

"టవలా! ముందు వరుసలో స్పాన్సర్లున్నారమ్మా!"

"ఏందయ్యా అధ్యక్షా," అని అందుకుంది కొమురమ్మ. "ముసలాయన పొద్దుగాల్నుంచి సూటేసుకొని కూసున్నడు. శాలువ ఏడికి పోతది? ముందుగాల ఆయన్ని స్టేజీ మీదికి పిలువుండ్రి!"

పిలిచారు. ఆయన సింహాసనం అధిష్ఠించగా, జనార్ధనరావు టార్చిఖడ్గధారియై కుర్చీల పద్మవ్యూహాన్ని ఛేదించి, స్పీకర్ల దుర్గాన్ని ముట్టడించి, తెరతో ద్వంద్వయుద్ధం చేసి, అందులోనే చుట్టుకుపోయి వేదిక మీద బోర్లాపడ్డాడు. సభ చప్పట్లు కొట్టింది.

పడ్డచోటి నుంచి తలెత్తిన ఆ వీరుడికి ఒక ఘోరరహస్యం గోచరించింది. హీటర్లు భగభగమంటున్నా గాస్పరే కోటు బొత్తాలు మెడదాకా బిగించి ఉన్నాయి. నుదుట స్వేదధారలు. కోటు అంచు కిందినుంచి తొంగిచూస్తున్నది... జరీకుచ్చు!

"మాస్టారూ," అన్నాడు జనార్ధనరావు, "కొంచెం కోటు విప్పుతారా?"

గాస్పరే లేచాడు. బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, ధగధగలాడే భుజాలతో మైకందుకున్నాడు.

"నేనే తీసిన అధ్యక్షా! పొద్దుగాల స్పీకర్లు దించెటప్పుడు నీ డిక్కీలకెళ్లి నేనే తీసిన. ఒక్క సిన్మాల నన్ను రాజును చేసిన్రు. షాటు అయిందో లేదో, నెత్తిమీది కిరీటం గుంజుకున్నరు. పోయినేడు సన్మానమైనంక కృష్ణారావు భుజాల మీదికెళ్లి మీరు గీ శాలువ గుంజుకునుడు తెర పక్కపొంటి నిలబడి చూసిన. గిది గూడ షూటింగు సామానే అని సమజైంది. గందుకే పొద్దుగాల్నే ఏసుకున్న. కొమురమ్మ దీన్ని నా అంగీకి సుట్టూ కుట్టేసింది, డబల్ దారంతోని. కప్పే కష్టం మీకు లేదు. ఫోటో తీసుకోండ్రి. ఇగ గుంజుండ్రి, చూద్దాం!"