గడువు పెట్టని పందెం

భార్యకు ప్రయాణాల పిచ్చి వదలాలంటే ఆవిడ చేత ఒక్కసారి నిజంగా ప్రయాణం చేయించాలి. ఇదీ వాపసురావు వేసిన ఎత్తు. ఒక్కసారి నష్టపోతే జన్మంతా లాభం. ఇంతకన్నా మంచి బేరం తన దుకాణంలో కూడా ఎన్నడూ తగల్లేదనుకున్నాడు.

అసలు పేరు వేరే ఉంది. వాపసురావు అన్నది వీధి పెట్టిన పేరు. బకెట్లు, స్టవ్వులు, తాళ్లు, గొడుగులు, టెంట్లు, మడత మంచాలు అమ్మే దుకాణం ఆయనది. గుమ్మం మీద పెద్ద బోర్డు: "నచ్చకపోతే వాపసు". కొన్నవాళ్లు తిరిగి తెచ్చి బల్ల మీద పెడితే మారుమాట లేకుండా తీసుకుంటాడు. ఆ ధైర్యం వీధిలో ఇంకే దుకాణానికీ లేదు కాబట్టి జనం ఎగబడి వచ్చేవారు.

మరి వాపసు వచ్చిన సరుకు ఏమయ్యేది? కొత్తదని అమ్మడానికి ఆయనకు మనసొప్పదు. పారెయ్యడానికి చెయ్యి రాదు. అందుకని సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు.

కాబట్టి వాళ్లింట్లో మిక్సీని చెంప మీద కొడితే గానీ తిరగదు. గొడుగు ఒక పక్కకే తెరుచుకుంటుంది. స్టవ్వుకి నాబ్ లేదు, పట్టకారుతో తిప్పాలి. కుర్చీకి మూడు కాళ్లూ ఒక ఇటుకా. పళ్ల డాక్టరైన బావమరిది ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా కూర్చునే ముందు అడిగేవాడు. "అక్కా, ఈ పేషెంటు బరువు మోస్తాడా?"

గొడవ ఒక ఆదివారం ఆ బావమరిది ఎదుటే మొదలైంది.

"ఏడాదికి పది రోజులు దుకాణం మూయండి. ఎక్కడికైనా వెళదాం" అంది ఆవిడ.

"పది రోజులు మూస్తే జనానికి పక్క దుకాణం దారి తెలిసిపోతుంది."

"పక్క దుకాణం పక్కనే ఉంది కదండీ. దారి ఎప్పుడో తెలుసు."

"నీకు ప్రయాణమంటే హోటల్లో మెత్తటి పరుపూ, గదిలోకి కాఫీ అనుకుంటున్నావు. నిజమైన ప్రయాణం నువ్వు ఒక్క పూట తట్టుకోలేవు."

"మీరు తట్టుకుంటారా?"

ఇదిగో, సరిగ్గా ఈ మాట కోసమే ఆయన కాచుకుని ఉన్నాడు. ఎడారి తీరం వెంబడి కారులో వెళ్లాలి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక కొండలు, మనిషన్నవాడు కనపడడు. టెంటులో పడుకోవాలి. కొండల మధ్య ఇరుకు లోయల్లో నడవాలి. ఎవరు ముందు "ఇంటికి పోదాం" అంటే వాళ్లు ఓడినట్టు. ఆవిడ ఓడితే ప్రయాణం మాట మళ్లీ ఎత్తకూడదు. ఆయన ఓడితే ఏటా పది రోజులు దుకాణానికి తాళం.

"ఎన్నాళ్లు ఉండాలి?" అంది ఆవిడ.

"ఎన్నాళ్లేమిటి! మొదటి రాత్రే అంటావుగా" అని నవ్వాడు వాపసురావు.

"గడువు లేకుండా పందెమేంటి బావా? బేరాల్లో తలపండినవాడివి" అన్నాడు బావమరిది, తన కారు తాళాలు బావ చేతిలో పెడుతూ.

ఆ మాట ఆయన చెవికి ఎక్కలేదు. ఆయన ధ్యాసంతా ఏ సరుకు పట్టుకెళ్లాలా అన్నదాని మీదే. ఆవిడ కోసమని వెతికి వెతికి ఒక కర్ర తక్కువైన టెంటు తీశాడు. మూత బిగుసుకుపోయే నీళ్ల డబ్బా, మధ్యలో తెగితే ముడేసిన తాడు, నాబ్ లేని స్టవ్వు సరేసరి. తన కోసం మాత్రం సీలు తీయని గాలిపరుపు ఒకటి స్టెప్నీ కింద దాచాడు. ఆవిడకి కష్టం రావాలి గానీ ఆయనకెందుకు?

తీరం ఆయన ఆశించినదాని కన్నా ఘోరంగా ఉంది. రోడ్డు ఒకటే, అది కూడా ఇసుక వచ్చి పడుకున్నప్పుడు లేదు. గాలి చెవిలో దూరి మాట్లాడుతోంది. సముద్రం ఇంత పక్కనే ఉండి కూడా తాగడానికి చుక్క లేదు. వెనక ఎక్కడో పెట్రోలు బంకులో నింపుకున్న నీళ్ల డబ్బాలే దిక్కు. వాపసురావుకి ప్రాణం లేచొచ్చింది. ఈ రాత్రికే బేరం ముగుస్తుంది.

టెంటు బయటికి తీసి ఆవిడ చేతికిచ్చి, బండరాయి మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఆవిడ కర్రలన్నీ ఇసుకలో వరసగా పేర్చి చూసింది. "ఇది వెనక వీధి లాయరు గారు వాపసిచ్చింది కదూ?"

"అయ్యుండొచ్చు."

ఆవిడ కారులోంచి ఒక పక్కకే తెరుచుకునే గొడుగు తెచ్చి, దాని కర్ర టెంటు మధ్యలో నిలబెట్టి తాడు బిగించింది. గొడుగు తెరుచుకునే పక్కని గాలికి ఎదురుగా తిప్పింది. టెంటు నిలబడింది. నిలబడడమే కాదు, గుమ్మానికి చూరు కూడా వచ్చింది.

నీళ్ల డబ్బా మూత మీద చెప్పు మడమతో రెండు దెబ్బలు వేసింది, ఊడింది. నడుమున దోపుకున్న పట్టకారు తీసి స్టవ్వు తిప్పింది, వెలిగింది. టీ గ్లాసు ఆయన చేతికిచ్చి అంది: "అబ్బ! ఎంత హాయిగా ఉందండీ. అచ్చం మనింట్లో ఉన్నట్టే ఉంది."

వాపసురావు టీ తాగాడు. ఎక్కడో ఏదో లెక్క తప్పింది.

చీకటి పడుతుండగా స్టెప్నీ కింద నుంచి గాలిపరుపు తీసి, కారు వెనక నక్కి ఊదడం మొదలుపెట్టాడు. ఊది ఊది కళ్లు బైర్లు కమ్మాయి. పరుపు ఉబ్బింది, పడుకున్నాడు. పడుకున్నాక అది మెల్లగా నిట్టూర్చింది. తెల్లారేసరికి ఆయనకీ బండలకీ మధ్య ఒక పల్చటి రబ్బరు గుడ్డ మిగిలింది.

ఆవిడ దాన్ని కొసలు పట్టుకుని ఎత్తి చూసింది. "సీలు తీయని సరుకా?"

"ఆ."

"దుకాణంలో వాపసిచ్చెయ్యండి. ఓనరు చాలా మంచాయన, మారుమాట్లాడడు."

రెండో రోజు ఇంకొంచెం ముందుకి వెళ్లారు. మూడో రోజు ఇంకొంచెం. గడువు పెట్టని పందెం అంటే ఏమిటో వాపసురావుకి అప్పుడు బోధపడసాగింది. దుకాణానికి తాళం అలాగే ఉంది. కొత్త సరుకు లారీ వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోయుంటుంది. పక్క దుకాణం బట్టతలాయన కాళ్లూపుకుంటూ నవ్వుకుంటూ ఉంటాడు.

ఇక లాభం లేదని ఆవిడ నోటి నుంచే ఆ మాట రప్పించాలని చూశాడు.

"పాపం, నీ పూలకుండీలు ఎండిపోతున్నాయేమో."

"తమ్ముడు నీళ్లు పోస్తున్నాడు."

"ఈ ఎండ నీ ఒంటికి పడదు. నల్లబడ్డావు."

"ఇన్నేళ్లకి నా రంగు చూశారా! మరి ప్రయాణం మంచిదే కదండీ."

"గదిలో ఫ్యాను ఆపామా?"

"మన ఫ్యాను ఆపక్కర్లేదు. దానంతటదే ఆగుతుంది."

ఆ సాయంత్రం ఆయనకి నోటి నిండా ఇసుక, నడుము నిండా నొప్పి. కానీ ఆ మాట నాలుక చివరికి వచ్చినప్పుడల్లా ఆవిడ తలెత్తి ఆశగా చూసేది. వెంటనే మింగేసేవాడు. ఇసుకతో సహా.

మర్నాడు ఆవిడే ఒక లోయ కనిపెట్టింది. ఎర్రటి కొండ నిలువునా చీలినట్టుంది. లోపల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. పైన ఆకాశం రిబ్బను ముక్కలా కనిపిస్తోంది. గోడలు చేత్తో తడిమితే చల్లగా ఉన్నాయి. ముందు ఆవిడ, వెనక ఆయన. అలా పోగా పోగా దారి హఠాత్తుగా తెగిపోయింది. కింద మనిషెత్తు పల్లం. ఆ పల్లం అవతల నుంచి అలల చప్పుడు.

ఆవిడ సంచిలోంచి తాడు తీసి, బండకి చుట్టి బిగించింది.

"అది మధ్యలో తెగిన తాడే!" అన్నాడు వాపసురావు కంగారుగా.

"తెలుసు. ముడేసింది నేనే" అని ఆవిడ పట్టుకుని సరసరా దిగిపోయింది. కింద నుంచి కేక వినిపించింది. "ఏమండీ! రండి, ఎంత బావుందో!"

"నువ్వు చూసిరా. నేనిక్కడ సంచి కాపలా ఉంటాను."

"ఇక్కడ దొంగ రావాలన్నా మనలాగే పందెం కాసి రావాలి."

ఆయన కదల్లేదు. చల్లటి బండకి ఆనుకుని కూర్చున్నాడు. ఆవిడ అడుగుల చప్పుడు దూరమైంది. ఒంటరిగా ఇలా ఊరికే చేతులు ముడుచుకుని ఆయన ఎన్నడూ కూర్చోలేదు. కొనేవాడు లేడు, అడిగేవాడు లేడు. ఎదురుగా ఆ తాడు ఒక్కటే, బుర్రంత ముడితో.

ఆ తాడు ఎవరు వాపసు తెచ్చారో ఆయనకి గుర్తే. ఒక లారీ డ్రైవరు బల్ల మీద విసిరికొట్టి తిట్టాడు. నవ్వుతూ కొత్తది ఇచ్చాడు. టెంటు లాయరు గారు అరిచినప్పుడూ నవ్వాడు. మిక్సీ తెచ్చిన టీచరమ్మకి కుర్చీ వేసి, నీళ్లిచ్చి మరీ క్షమించమన్నాడు. వీధిలో ప్రతి ఒక్కరికీ నచ్చకపోతే వాపసు. ఆ బోర్డు చెల్లనిది ఒక్క మనిషికే. పనికిరాదని ఊరంతా తిరిగిచ్చినదాన్ని ఆ మనిషి చేతిలో పెట్టి, పనిచేయించుకో అన్నాడు. ఆవిడ పనిచేయించుకుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టలేదు.

ఈ ఎడారిలో ఆవిడ అంత సులువుగా బతుకుతోందంటే, ఇన్నేళ్లూ ఆవిడకి ఇంట్లో తను అమర్చింది ఇదే కాబట్టి.

ఇది లాభమో నష్టమో ఎంతసేపు ఆలోచించినా ఆయనకి తేలలేదు. లేచాడు. తాడు పట్టుకున్నాడు. ముడి దగ్గరికి వచ్చాక కళ్లు మూసుకున్నాడు. ముడి ఆయన బరువంతా మోసింది. చెక్కు చెదరలేదు.

లోయ చివర గుప్పెడంత ఇసుక, దాని ముందు మొత్తం సముద్రం. ఆవిడ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆయన వెళ్లి పక్కన చతికిలబడ్డాడు.

"ఇన్నేళ్లలో ఇది పనిచెయ్యడం లేదు, తీసుకోండి అని ఒక్కసారీ అనలేదేం?"

"ఎవరితో అనను? తెచ్చిన ఆయనకే ఇవ్వాలి. ఆయన మళ్లీ ఇంటికే తెస్తాడు." ఆవిడ నవ్వింది. "అయినా నాకు అలవాటే లెండి. మీరు కూడా వాపసు సరుకే కదా."

"నేనా?"

"మరి? మిమ్మల్ని ముందు మా పెద్దమ్మ కూతురు చూసింది. మనిషి మాట్లాడితే బేరమాడినట్టే ఉంది, నాకొద్దంది. అప్పుడు నా దగ్గరికి పంపారు. అటూ ఇటూ రెండు తట్లు తట్టి చూశాను. పనిచేసేలాగే అనిపించారు."

వాపసురావు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ల మీద స్టవ్వు కాల్చిన పాత మచ్చలు ఉన్నాయి. ఆయన వాటిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"లే" అన్నాడు. "దుకాణంలో పై అరలో సీలు తీయని స్టవ్వుంది. అన్ని నాబ్‌లూ ఉన్నది. నా చేత్తో బిగించి ఇస్తాను. పద, ఇంటికి పోదాం."

అలొకటి వచ్చి వెళ్లింది.

"ఏమన్నారు?" అంది ఆవిడ మెల్లగా.

వాపసురావు నోరు మూసుకున్నాడు. కానీ సరుకు అప్పటికే గుమ్మం దాటిపోయింది.

ఆవిడ ఇసుకలో వెల్లకిలా పడిపోయింది. "అమ్మయ్య! నడుం విరిగిపోయిందండీ బాబూ. మొదటి రాత్రి నుంచీ వీపు కింద ఒకటే రాయి. పళ్ల మధ్య ఇసుక కరకరమంటోంది. ఈ పూట గడిస్తే నేనే అనేసేదాన్ని."

"నువ్వా? హాయిగా ఉందన్నావు!"

"కొనేవాడి మొహం చూస్తే ఇంకాసేపు ఆగొచ్చనిపించింది."

"ఈ బేరాలు నీకెవరు నేర్పారు?"

"మీకు మధ్యాహ్నం భోజనం తెచ్చి బల్ల వెనకాల నిలబడేదాన్ని కదా. ఊరికే నిలబడ్డాననుకున్నారా?"

తిరిగి వచ్చాక బావమరిది కారు కోసం వచ్చాడు. ఎవరు గెలిచారని అడగలేదు. ఇంట్లో కొత్త స్టవ్వు చూశాడు, బావ మొహం చూశాడు, తాళాలు తీసుకుని ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు పోయాక దుకాణంలో జనం కిటకిటలాడుతుంటే, వరసలో అందరి వెనకా ఆవిడ నిలబడి ఉంది. తన వంతు వచ్చాక ఆ కొత్త స్టవ్వుని బల్ల మీద పెట్టింది.

"వాపసు" అంది.

"ఏమైంది? బాగానే వెలుగుతోందిగా?"

"వెలుగుతోంది. నచ్చలేదు. బోర్డు మీద ఏముందో చదవమంటారా?"

జనమంతా చూస్తున్నారు. వాపసురావు మారుమాట లేకుండా స్టవ్వు తీసుకున్నాడు. "బదులు ఏమివ్వమంటారమ్మా?"

"టెంటు. సీలు తీయనిది. ఇక్కడే విప్పి, కర్రలు అన్నీ ఉన్నాయో లేదో చూపించండి. వచ్చే ఏడాదికి కావాలి."

విప్పాడు. చూపించాడు. అన్నీ ఉన్నాయి. ఆవిడ టెంటు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. బేరం సజావుగా ముగిసిందని ఆయన తృప్తిగా తలూపాడు కూడా.

సాయంత్రం దుకాణం కట్టేస్తూ, వాపసు వచ్చిన సరుకు అలవాటు ప్రకారం సంచిలో సర్దుకున్నాడు. ఆ రోజు వచ్చింది ఒక్కటే: అన్ని నాబ్‌లూ ఉన్న కొత్త స్టవ్వు. దాన్ని మోసుకుని ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఆవిడ తలుపు తీసి, దారి ఇచ్చి, వంటగదిలో ఖాళీ చేసి ఉంచిన చోటు చూపించింది.

"అక్కడ పెట్టండి" అంది.